వచ్చే ఏడాది తేదీ వేసిన ఉత్తరం

2016 జనవరి 10

చెల్లీ,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోన్లో మనిద్దరం మూడో నిమిషానికి పోట్లాడుకుంటాం. కాగితం మీద తిట్టుకుంటే జవాబు వచ్చేసరికి వారం పడుతుంది, ఆలోపు సగం చల్లారుతుంది. మా లాండ్రీ వ్యాను ప్రతి సోమవారం మీ ఊరి హోటళ్ళకి దుప్పట్లు తెస్తుంది. డ్రైవరు చేతికిస్తున్నాను. నువ్వూ అతనికే ఇవ్వు.

విషయం ఇది. పదకొండేళ్ళుగా ఈ లాండ్రీకి నేను మేనేజర్ని. మూడు ఆస్పత్రుల దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు మా దగ్గరే ఉతుకుతాం. ఉన్నవి ఎనిమిది మెషీన్లు. అందులో రెండు నిలబడి పనిచేసిన రోజులకంటే పడుకున్న రోజులే ఎక్కువ. ఆ మూడు ఆస్పత్రుల్లో ఒకటి, నది అవతలి పెద్దాస్పత్రి, కొత్త విభాగం కడుతోంది. అది తెరిస్తే దుప్పట్లు రెట్టింపవుతాయి. అందుకు పొడవాటి మెషీను ఒకటి కావాలి. ఒక చివర మురికి దుప్పటి వేస్తే వరసగా పన్నెండు గదులు దాటి, రెండో చివర శుభ్రంగా బయటికి వస్తుంది. మావాళ్ళు దానికి అప్పుడే 'సొరంగం' అని పేరు పెట్టేశారు.

మా యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఆయనకి చెప్పి మూడు నెలలైంది. "ఆలోచిద్దాం" అంటాడు. మొన్న ఉన్నట్టుండి, "మీ చెల్లెలు పెట్టుబడుల విషయంలో మేనేజర్లకి సాయం చేస్తుందట కదా, ఆవిడేమంటుంది?" అన్నాడు. ఆవిరి పీల్చింది నేను, మాట కావాల్సింది నీది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

సరే, ఆ మెషీను కొనడం మంచిదని రెండు పేజీలు రాసి పంపు. అది రాకపోతే పెద్దాస్పత్రి పని మొత్తం ఇంకొకరికి పోతుంది. ఆ పని పోతే షెడ్డులో సగం మందిని పంపేయాలి. ఆ మాట చెప్పాల్సింది కూడా నేనే.

మీ బావగారి మోకాలు అలాగే ఉంది. మన మెట్లు ఎక్కలేడు గాని, పేకాటకి మూడంతస్తులు ఎక్కుతాడు.

నీ అక్క


జనవరి 18

అక్కా,

తిట్టుతో సహా అందింది. నువ్వు అనుకున్నంత చల్లారలేదు.

కొనడం మంచిదని నేను రాయను. మంచిది కాదని కూడా రాయను. కొంటే ఏమేం జరగవచ్చు, ఒక్కొక్కటి జరిగే అవకాశం ఎంత, ఏది జరిగితే ఎంత దెబ్బ. ఇవి మేనేజరు ముందు పరచడం వరకే నా పని. నిర్ణయం మేనేజరుది.

నాకు మూడు అంకెలు కావాలి. ఇప్పుడు రోజుకి మరీ తక్కువైతే ఎన్ని దుప్పట్లు వస్తాయి, మామూలుగా ఎన్ని, మరీ ఎక్కువైతే ఎన్ని? నువ్వూ, బాయిలర్ చూసే మీ ఆవిరి బాబాయి, వ్యాను డ్రైవరు, ముగ్గురూ విడివిడిగా రాయండి. ఒకరిది ఒకరు చూడొద్దు. ముఖ్యంగా నువ్వు ముందు నోరు విప్పొద్దు. మేనేజరు అంకె విన్నాక ఎవరూ తమ అంకె రాయరు.

ఇంకోటి. కొత్త విభాగం అనుకున్న నెలకే తెరవడానికి పదికి ఎన్ని పాళ్ళు అవకాశం ఉంది? ఒప్పందం మీద సంతకం అయిందా? కాకపోతే ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సొరంగం.

తరవాత ఇంకో రకం కాగితం పంపుతాను. మా పనిలో అదొక అలవాటు. చూసి కంగారుపడకు.

నాకేదో ఏసీ గది అనుకుంటున్నావు. ఉంది. దాని కిటికీలోంచి చూస్తే ఇంకో ఆఫీసు కిటికీ కనిపిస్తుంది. అందులోంచి ఒకాయన నన్ను చూస్తూ ఆవలిస్తాడు.

చెల్లి


జనవరి 31

ఆవలింతలు చూసే చెల్లెమ్మకి,

నువ్వు అడిగిన అంకెలు. మరీ తక్కువ: నాలుగు వేలు. మామూలుగా: నాలుగు వేల వంద. మరీ ఎక్కువ: నాలుగు వేల రెండు వందలు. ఇది నాది. ఆవిరి బాబాయిది కూడా ఇదే. డ్రైవరుదీ ఇదే. చూశావా మా ఐకమత్యం? మీ ఆఫీసులో ఉందా ఇలాంటిది?

కొత్త విభాగం మేలో తెరుస్తారు. పదికి పది. సంతకం ఇంకా కాలేదు. అయితీరుతుంది.

పెద్దాయన నిన్ను ఒకసారి రమ్మంటున్నాడు. శుక్రవారం రా. షెడ్డులో నేల తడిగా ఉంటుంది, ఆ ఎత్తు మడమల చెప్పులు వేసుకురాకు.

అక్క


ఫిబ్రవరి 1

అక్కా,

శుక్రవారం వస్తున్నాను. ముగ్గురు ఒకే అంకె రాశారంటే, ముగ్గురూ ఒకే మొహం చూసి రాశారని అర్థం. నిరుడు నీ దగ్గరికి రెండు వేల తొమ్మిది వందలు వచ్చిన రోజు ఉంది, ఐదు వేలు దాటిన రోజూ ఉంది. నువ్వే ఫోన్లో చెప్పి ఏడ్చావు, రెండు రోజులూ. ఇప్పుడేమో తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటున్నావు.

చెల్లి


ఫిబ్రవరి 7

చెల్లీ,

నువ్వు వచ్చి వెళ్ళాక రెండు రోజులు కాగితం ముట్టుకోలేదు.

పెద్దాయన గదిలో చేతులున్న మెత్త కుర్చీ ఒకటి ఉంది. ఇనుప కుర్చీ ఒకటి ఉంది. పదకొండేళ్ళుగా నేను ఇనుప కుర్చీలోనే కూర్చుంటున్నాను. శుక్రవారం నువ్వు గదిలోకి రాగానే ఆయన లేచి, మెత్త కుర్చీ నీవైపు జరిపాడు. నువ్వు కూర్చున్నావు. నావైపు చూడనైనా చూడలేదు. గంటసేపు నువ్వు ఆరు గదులదైతే ఎంత, పన్నెండు గదులదైతే ఎంత అని అడగడం, ఆయన తల ఊపడం. నేను చెప్పినప్పుడు ఊపని తల అది. మధ్యలో ఆయన, "మీకు చక్కెర ఎంత?" అని నిన్నడిగాడు. నాది ఇప్పటికీ అడగలేదు.

చిన్నప్పుడూ ఇంతే. నాన్న బయటికి వెళ్తూ, "ఇవాళ వానొస్తుందంటావా?" అని నిన్నడిగేవాడు. నువ్వు ఆకాశం చూసి, "రావచ్చు, రాకపోవచ్చు" అనేదానివి. ఏం తెలివి, ఏం తెలివి అని మెచ్చుకునేవాడు. గొడుగు తెచ్చి చేతికిచ్చింది నేను. నాన్నకి గుర్తున్నది నీ మాటే.

మా ఇస్త్రీ రోలరు దగ్గరి ఆడవాళ్ళు, "మీ చెల్లెలు మళ్ళీ ఎప్పుడొస్తుందమ్మా?" అని అడుగుతున్నారు. రాదు అని చెప్పాను.

అక్క


2017 ఫిబ్రవరి 15

అక్కా,

ఏడాది గడిచింది. సొరంగం ఆగిపోయింది. కొనడమే తప్పని ఇప్పుడు అందరూ అంటున్నారు.

కొత్త విభాగం మేలో తెరుస్తామన్నారు. లిఫ్టులు రాలేదని ఆగస్టు అన్నారు. ఆగస్టులో అనుమతులు రాలేదని జనవరి అన్నారు. ఆ ఎనిమిది నెలలూ పన్నెండు గదుల మెషీను ఐదు గదుల పనితో తిరిగింది. పని సగమే అయినా నీళ్ళు, ఆవిరి నిండుగానే తాగింది. పాత బాయిలర్ దాని దాహానికి చాలలేదు. ఆ సంగతి ముందు ఎవరూ అడగలేదు, అందరి కళ్ళూ మెషీను ధర మీదే ఉన్నాయి. చోటు కోసం పాత మెషీన్లు ఎనిమిదీ అమ్మేశావు. సొరంగం ఆగిన రోజు ఒక్క దుప్పటి ఉతకడానికి కూడా దారి లేకపోయింది.

నీకు సెప్టెంబరులోనే అనుమానం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. పదికి పది అని రాసిన మనిషి ఇప్పుడు ఆరు అని ఎలా చెప్తుంది?

షెడ్డులో సగం మంది వెళ్ళిపోయారు.

నీ చెల్లి


2016 ఫిబ్రవరి 21

నిన్ను ఏమని పిలవాలో తెలియక పైన ఏమీ రాయలేదు.

తేదీ చూసి పొరపాటనుకున్నాను. రెండో వాక్యం చదివాక కాదని తెలిసింది. మెషీను ఇంకా రానేలేదు, నువ్వు అప్పుడే దానికి పాడె కట్టావు. నా సొంత చెల్లెలు నామీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంటుందని ఎవరైనా అంటే వాళ్ళతో మాట్లాడటం మానేసేదాన్ని. ఇప్పుడు ఎవరితో మానేయాలి?

మీ బావ చదివి, "బాగా రాసింది" అన్నాడు. రెండు రోజులు వంట ఆయనే చేసుకున్నాడు.

మంగళవారం ఆ కాగితం పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. "చూడండి, దీనికి నామీద ఎంత అసూయో. ఇక ఈ మనిషిని పిలవకండి" అని టేబుల్ మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. అసూయ సంగతి ఎత్తలేదు. "బాయిలర్ చాలదా?" అన్నాడు.

ఆవిరి బాబాయిని పిలిచాడు.

"పన్నెండు గదులకి చాలదండీ" అన్నాడు బాబాయి.

"ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మేనేజరమ్మ కావాలన్నాక, నేను వద్దని ఎలా అంటానండీ? రేపు మొహాలు చూసుకోవద్దా?"

నిన్న నిర్ణయం చెప్పాడు. ఇప్పుడు ఆరు గదుల చిన్న మెషీనే. పాత మెషీన్లు అమ్మొద్దు. మిగతా ఆరు పెద్దాస్పత్రి సంతకం పెట్టాక. నేనడిగింది పన్నెండు. నా చేత్తో నేను తీసుకెళ్ళిన కాగితం అందులో సగం కోసేసింది. ఇంత పని నువ్వు స్వయంగా వచ్చినా చేయలేకపోయేదానివి.

జవాబు రాయకు.


ఫిబ్రవరి 29

అక్కా,

రాస్తున్నాను.

పెద్ద ఖర్చు పెట్టబోయే ప్రతి మేనేజరుకీ మేమిలాంటి ఉత్తరం రాస్తాం. "ఇందులో ఏం తప్పు జరగవచ్చు?" అని అడిగితే ఎవరికీ ఏమీ తోచదు. ఇష్టపడ్డ పనిలో తప్పు కనపడదు. అదే, "ఏడాది గడిచింది, అంతా పోయింది, ఎందుకు పోయింది?" అంటే పది కారణాలు చెప్తారు. అందుకే వచ్చే ఏడాది తేదీ వేస్తాం. జరిగిపోయినట్టు రాస్తాం. జరగాలని కాదు, జరగకూడదని. మా ఆఫీసులో ఇది రోజూ చేసే పని. వాళ్ళందరికీ ముందు ఎదురుగా కూర్చోబెట్టి చెప్తాను. నీకు ఒక్క వాక్యంతో సరిపెట్టాను. నాకు పనిచ్చినవాళ్ళ జాబితాలో నువ్వు లేవన్న సంగతి మరిచిపోయాను. అది నా తప్పు.

విభాగం మేలోనే తెరిచే అవకాశం పదికి మూడని నా లెక్క. మూడంటే సున్నా కాదు. తెరిస్తే ఆరు గదులు చాలవని కూడా పెద్దాయనకి ఆ శుక్రవారమే చెప్పాను. ఆయన వినే ఎంచుకున్నాడు.

ఇక అసూయ. ఉంది. ఆ ఉత్తరంలో లేదు, వేరే చోట ఉంది. శుక్రవారం మధ్యాహ్నం గంట కొట్టగానే మెషీన్లన్నీ ఆగాయి చూడు, అప్పుడు నీ చుట్టూ పదిమంది చేరారు. ఒకావిడ సెలవడిగింది, ఒకావిడ సబ్బునీళ్ళు తగిలి పొక్కిన చెయ్యి చూపించింది, ఇంకెవరో నీ కొంగుతో చెంప తుడుచుకుంది. నువ్వు మాట్లాడుతూనే ఒక గొట్టం మీద చెయ్యి వేసి, "ఇది వేడెక్కింది, చూడండి" అన్నావు. నేను నీ పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నేను దేన్నీ నిర్ణయించలేదక్కా. అవకాశాలు లెక్కగట్టి ఇస్తాను. వాళ్ళు తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంటారు. లోపల ఏం జరిగిందో నాకెవరూ చెప్పరు.

మెత్త కుర్చీ సంగతి నిజంగా తెలియదు. నాకు వీపు నొప్పి, కుర్చీ కనపడింది, కూర్చున్నాను.

గొడుగు సంగతి గుర్తుంది. నువ్వు ఎలాగూ ఇస్తావని తెలుసు కాబట్టే నేను రావచ్చు, రాకపోవచ్చు అనగలిగాను.

చెల్లి


జూన్ 5

శ్రీమతి పదికి మూడు గారికి,

ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాయడానికి మంచి కారణం దొరికింది.

పెద్దాస్పత్రి కొత్త విభాగం మే ఇరవై మూడున తెరిచారు. లిఫ్టులు పనిచేస్తున్నాయి. నేనే ఎక్కి చూశాను, రెండుసార్లు. ఒప్పందం మీద సంతకం అయింది. మొదటి రోజే ఆరు వేల దుప్పట్లు వచ్చాయి. నా ఆరు గదులూ, పాత మెషీన్లూ కలిసి కూడా చాలడం లేదు. రోజూ రెండు వ్యాన్ల గుడ్డలు వేరే లాండ్రీకి పంపుతున్నాం. మా సబ్బు వాసన లేని దుప్పట్లు మా గేటులోంచి వెళ్తుంటే నేను అటు తిరిగి నిలబడుతున్నాను. పన్నెండు కొని ఉంటే ఈ పాటికి...

ఇదంతా పెద్దాయనకి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, నీమీద. "ఆవిడ చెప్పింది కదమ్మా, పదికి మూడుసార్లు ఇలా అవుతుందని. అది తెలిసే చేశాం. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ ఆరే కొంటా" అన్నాడు. ఓడినా గెలిచే మనిషివి నువ్వే.

అసలు సంగతి ఇంకా ఉంది. మిగతా ఆరు గదులు నా షెడ్డుకి రావు. బరువైన గుడ్డలు నది దాటించడం దండగని, ఆస్పత్రి పక్కనే కొత్త షెడ్డు వేస్తున్నాడు. దానికి మేనేజరుగా నిన్ను పిలుస్తున్నాడు. నన్ను అడగలేదు, చెప్పాడు. మెత్త కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు, పదకొండేళ్ళకి మొదటిసారి. ఆ కుర్చీలో మెత్తన ఏమీ లేదు. లోపల స్ప్రింగు గుచ్చుకుంటుంది.

అక్క


జూన్ 13

అక్కా,

పెద్దాయన ఫోన్ చేశాడు. నెలాఖరులోగా చెప్పమన్నాడు.

మూడుసార్లు లెక్క కట్టాను. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది. మూడోసారి కావాల్సిన జవాబు వచ్చేదాకా అంకెలు మారుస్తున్నానని గమనించి ఆపేశాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది. ఈ మాట నువ్వు అనేలోపు నేనే అనేస్తున్నాను.

నాకు ఆ ఉత్తరం రాయి. వచ్చే ఏడాది తేదీతో. నేను ఉద్యోగంలో చేరాను, అంతా పోయింది, ఎందుకు పోయింది? మొహమాటపడకు. పడవని తెలుసు.

చెల్లి


2017 జూన్ 20

చెల్లీ,

ఏడాదైంది. నది అవతల షెడ్డు మూసేశారు. కారణాలు నువ్వడిగావు కాబట్టి సంతోషంగా రాస్తున్నాను, అబద్ధమెందుకు?

మొదటి నెలలోనే ఇద్దరు ఆడవాళ్ళు షిఫ్టు గురించి కొట్టుకున్నారు. విడివిడిగా కాగితం మీద రాసివ్వమన్నావు. ఒకావిడకి రాయడం రాదు. నువ్వు అడగలేదు, ఆవిడ చెప్పలేదు, పనికి రావడం మానేసింది. ఆవిడతో పాటు ఆవిడ ఇద్దరు చెల్లెళ్ళూ మానేశారు.

"రేపు పొద్దున్నకి గౌన్లు వస్తాయా?" అని ఆస్పత్రివాళ్ళు అడిగితే, "పదికి ఎనిమిది" అన్నావు. అది నిజమే. కాని పొట్ట కోయబోయే డాక్టరు ఎనిమిది వినడు. నువ్వు పది అని చెప్పి, మిగతా రెండూ నీ రెక్కల కష్టంతో పూడ్చాలి. మేనేజరంటే అదే. అది నీకెవరూ చెప్పలేదు.

ఇస్త్రీ రోలరు ఆపాలా, ఇంకో గంట నడపాలా అని అడిగితే నువ్వు ఆలోచించావు. ఆలోచిస్తున్న గంటసేపు అది నడిచింది. ఒకమ్మాయి వేలు కాలింది.

నడుం పట్టేసినా ఎవరికీ చెప్పలేదు. పక్కన ఎవరూ లేని గదిలో ఇన్నేళ్ళు కూర్చుని, మనుషులున్నప్పుడు చెప్పుకోవాలన్నది మరిచిపోయావు.

ఇక ఆఖరిది. నవంబరులో ఆవిరి బాబాయి మీ షెడ్డుకి వెళ్ళి వచ్చి, "అక్కడి బాయిలర్ చప్పుడు మారిందమ్మా" అన్నాడు. లోపల సున్నం పేరుకుంటే అలాంటి చప్పుడే వస్తుంది. వారంలో శుభ్రం చేయించాలి, లేకపోతే పగులుతుంది. నాకు తెలుసు. నీకు తెలియదని కూడా తెలుసు. ఫోన్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. చేయలేదు. ఒక్కరోజు ఆగనీ, మేనేజరు అనే మాటకి అర్థమేంటో పెద్దాయనకి తెలుస్తుంది, అనుకున్నాను. ఆగింది ఒక్కరోజు కాదు.

పై కారణాలన్నీ నీవి. ఈ ఒక్కటి నాది. ఇది వదిలేసి పంపుదామని రెండుసార్లు కవరు అంటించాను. రెండుసార్లూ చింపాను.

నీ అక్క


2016 జూన్ 27

అక్కా,

ఈ ఉత్తరాన్ని మా ఆఫీసులో చూపిస్తే నీకు ఉద్యోగమిస్తారు. చూపించను.

రాయడం రానివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నోటితోనే అడుగుతాను. రోలరు ఆపే మీట ఎవరైనా ఎప్పుడైనా లాగవచ్చు, నన్ను అడగక్కర్లేదని మొదటి రోజే చెప్తాను. డాక్టర్లకి పది అంటాను, చచ్చినట్టు పది చేస్తాను. నడుం గురించి రోజూ గోల పెడతాను, విని విసుక్కో.

ఆఖరి కారణానికి నా దగ్గర మందు లేదు. అది నా షెడ్డులో లేదు. కాబట్టి అలవాటు ప్రకారం ఒక్కటే అడుగుతున్నాను. అది జరిగే అవకాశం పదికి ఎంత? మరీ తక్కువైతే, మామూలుగా, మరీ ఎక్కువైతే. ఎవరికీ చూపించకుండా రాయి. నీ అంకెలు చూశాకే పెద్దాయనకి ఫోన్ చేస్తాను.

చెల్లి


జూలై 3

చెల్లీ,

నెలాఖరు దాటిపోయింది. నువ్వు ఇంకా ఫోన్ చేయలేదని పెద్దాయన రోజూ నన్నడుగుతున్నాడు. చేస్తుంది, ఒక అంకె కోసం ఆగింది అని చెప్పాను.

మరీ తక్కువ: రెండు. మామూలుగా: నాలుగు. పెద్దాయన నా ఎదురుగా నిన్ను పొగిడిన రోజు: తొమ్మిది. ఈసారి అంకెలు ఎడంగానే రాశాను చూడు. మీ బావకి చూపించలేదు.

నాలుగుని సున్నా చేయడం నావల్ల కాదు. అందుకని ఒక ఏర్పాటు చేశాను. ప్రతి సోమవారం పొద్దున్నే ఆవిరి బాబాయి, నేను నది దాటి వచ్చి నీ బాయిలర్ చప్పుడు వింటాం. నాకు ఆ వారం నీమీద ఎంత మండుతున్నా సరే వస్తాం. మండుతుంటే నీతో మాట్లాడను. చప్పుడు మాత్రం వింటాను. ఇది ఆవిరి బాబాయి ముందు చెప్పాను, ఇక తప్పించుకోలేను.

పెద్దాయనకి ఫోన్ చెయ్యి. చేరే సోమవారం ఐదున్నరకి గేటు దగ్గర ఉంటాను. నేను వచ్చేదాకా బాయిలర్ ముట్టించకు.

గొడుగు తెచ్చుకో. వాన పడుతుంది. పదికి పది.

అక్క